టైప్ 35 బుగాటీ, ఎనిమిదో వంతు కొలతలో: ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

ఈసారి చేతికెత్తుకున్నది బుగాటీ టైప్ 35. 1924లో తొలిసారి రేసుకు దిగిన కారు. కిట్ తెచ్చి అతికించడం కాదు. ఇత్తడి, అల్యూమినియం, స్టీలు, కాస్త చెక్క, కాస్త రబ్బరు కొనుక్కొచ్చి ప్రతి ముక్కా మొదటినుంచీ చేసుకోవాలి. ఎన్నాళ్ళు పడుతుందో లెక్క వేసుకోలేదు. ఏ భాగం ఎలా చేశానో, ఎందుకలా చేశానో వరుసగా రాసిపెట్టుకుంటే ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళకు పనికొస్తుందని ఈ డైరీ.

ఇన్ని రేసుకార్లుండగా ఇదే ఎందుకంటే, బయటి రేకంతా విప్పేసినా దీని అందం తగ్గదు. ఇరుసు, స్ప్రింగులు, చక్రం, ఇంజను ముఖాలు, ఏది చూసినా అది చేసే పని దాని ఆకారంలోనే కనిపిస్తుంది. ఎటోర్ బుగాటీ 1881లో మిలాన్‌లో పుట్టాడు. తండ్రి కార్లో బుగాటీ ఫర్నిచర్ రూపకర్త, తమ్ముడు రెంబ్రాంట్ జంతువుల బొమ్మలు చేసిన శిల్పి. ఎటోర్ 1909లో ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న ఆల్సేస్‌ ప్రాంతంలోని మోల్‌షైమ్‌ ఊళ్ళో సొంత ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో కన్ను, చెయ్యి కలిసి పనిచేశాయని ఈ కారు చూస్తే తెలుస్తుంది.

అందుకే ఒక నియమం పెట్టుకున్నాను. అసలు కారులో ఏ భాగం దేనిలోంచి వెళ్తుందో, దేనితో బిగుస్తుందో, మోడల్లోనూ అలాగే జరగాలి. స్ప్రింగు ఇరుసులోంచి దూరి వెళ్తే ఇక్కడా దూరి వెళ్ళాలి. రెండు ముక్కలు అటూ ఇటూ అంటించి దూరినట్టు చూపించడం ఉండదు.

స్కేలు 1:8. అసలు కారులో ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు దూరం 2,400 మి.మీ., అంటే మోడల్లో సరిగ్గా 300. ఎడమ కుడి చక్రాల మధ్య 1,200 మి.మీ., ఇక్కడ 150. సిలిండరు బోరు (లోపలి వ్యాసం) 60, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88 మి.మీ., ఇవి 7.5, 11 అవుతాయి. లెక్క ఇంత శుభ్రంగా కుదరడం పనిలో చాలా సాయం. స్కేలు వేసి చూసిన ప్రతిసారీ దశాంశాలతో కుస్తీ పట్టక్కర్లేదు. కారు బరువు సుమారు 750 కిలోలు. ఎనిమిదో వంతు అంటే బరువు 8×8×8, అంటే 512వ వంతు. అదే లోహాలతో, అదే మందాల నిష్పత్తిలో చేయగలిగితే మోడల్ సుమారు 1.46 కిలోలు తూగాలి. ఈ అంకెను గోడమీద రాసి పెట్టుకున్నాను. లోహం అనవసరంగా ఎక్కడ ఎక్కువైందో చివర్లో తక్కెడ చెప్తుంది.

ఇక కొలతల సంగతి. అచ్చయిన డ్రాయింగులను గుడ్డిగా నమ్మకూడదు. కాగితం మీద అచ్చు వేసేటప్పుడే నిలువు, అడ్డం ఒకే నిష్పత్తిలో ఉండవు. తెలిసిన రెండు కొలతలు, 2,400 వీల్‌బేస్, 710 టైరు వ్యాసం, ముందు డ్రాయింగు మీద వెర్నియర్ పెట్టి సరిచూసి, తేడా ఎంతుందో అడ్డానికి వేరుగా, నిలువుకు వేరుగా రాసుకున్నాను. ఫోటోలైతే దూరం నుంచి, పక్కనుంచి తీసినవే కొలతలకు పనికొస్తాయి. దగ్గరనుంచి తీసినవాటిలో ముందు చక్రం పెద్దగా, తోక పొట్టిగా వస్తుంది. ఇంకో జాగ్రత్త: ఇప్పుడు తిరుగుతున్న టైప్ 35లలో చాలావాటికి తర్వాతి కాలపు లావు టైర్లు, పెద్ద రేడియేటర్లు ఉన్నాయి. తొలి తరం కారు కావాలంటే 1920ల నాటి నలుపు తెలుపు ఫోటోలే ఆధారం. నేను చేస్తున్నది సూపర్‌ఛార్జర్ (ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే పరికరం) లేని తొలి తరం కారు, 1,991 సీసీ ఇంజనుది.

జూన్, చివరి వారం: చక్రాలు

పని చక్రంతో మొదలుపెట్టాను. ఈ చక్రం సరిగా రాకపోతే మిగతాది ఎంత బాగా చేసినా టైప్ 35 అనిపించుకోదు. ఆ రోజుల్లో రేసుకార్లు చాలావరకు తీగ పుల్లల చక్రాల మీద తిరుగుతుంటే, బుగాటీ అల్యూమినియం పోత చక్రం పెట్టాడు. ఎనిమిది వెడల్పాటి చదును పుల్లలు, వాటి వెనక చక్రంతో కలిసి ఒకటిగా పోసిన బ్రేకు డ్రమ్ము. అల్యూమినియం వేడిని త్వరగా లాగి గాలికి వదిలేస్తుంది. మధ్యనున్న నట్టు విప్పితే చక్రంతోపాటు డ్రమ్ము కూడా బయటికొచ్చేస్తుంది, బ్రేకు షూలు కళ్ళెదుటే ఉంటాయి. టైరు మార్చే ప్రతిసారీ మెకానిక్ బ్రేకులు కూడా చూసుకోవచ్చన్నమాట. తొలి చక్రాలకు రిమ్ము విడిగా ఉండేది, చుట్టూ మరలతో బిగించేవారు.

కాబట్టి మోడల్లోనూ చక్రం, డ్రమ్ము ఒకే ముక్క. రిమ్ము వేరే ముక్క. 710×90 టైరు అంటే బయటి వ్యాసం 710, వెడల్పు 90. రెండువైపులా 90 తీసేస్తే రిమ్ము దగ్గర సుమారు 530 మి.మీ. మోడల్లో 66 చిల్లర. 70 మి.మీ. అల్యూమినియం కడ్డీ తెచ్చి బిళ్ళలుగా కోయించాను. నాలుగు చక్రాలు, పక్కన కట్టే స్పేరు ఒకటి, ప్రయత్నాల కోసం ఇంకొన్ని బిళ్ళలు.

నా దగ్గరున్న చిన్న లేత్ మీద 70 మి.మీ. బిళ్ళ తిరుగుతుంది కానీ వణుకుతుంది. అందుకే మొదటి విడత కోత విజయవాడ ఆటోనగర్‌లో చేయించాను. అక్కడి లేత్ మేస్త్రి డ్రాయింగు చూసి, “అన్నా, ముందు పుల్లలు కోసేస్తే తర్వాత చక్‌లో పట్టే చోటుండదు. జాబ్ నలిగిపోద్ది. లోపల డ్రమ్ము బోరు పూర్తి చేసి, ఆ బోరుకు సరిపోయే మాండ్రిల్ ఒకటి తీసుకుందాం. ఆపైన అన్నీ దానిమీదే పట్టొచ్చు” అన్నాడు. మాండ్రిల్ అంటే బోరులో దూర్చి ముక్కను పట్టుకునే కడ్డీ. ఐదు చక్రాలూ ఒకేలా వచ్చాయంటే అది ఆ మాండ్రిల్ చలవే. వెనకవైపు డ్రమ్ము బోరు, మధ్య రంధ్రం ఒకే పట్టులో పూర్తి చేశాడు. తర్వాత బిళ్ళను తిప్పి మాండ్రిల్ మీద బిగించి ముందు ముఖం తీశాడు.

పుల్లల మధ్య ఖాళీలు ఇంటి దగ్గర మిల్లింగ్ చేశాను. ముక్కను సమభాగాలుగా తిప్పే డివైడింగ్ హెడ్ నిష్పత్తి 40:1 (హ్యాండిల్ 40 చుట్లకు ముక్క ఒక చుట్టు) కాబట్టి ఎనిమిది భాగాలకు ఒక్కో భాగానికి హ్యాండిల్ సరిగ్గా ఐదు చుట్లు. రంధ్రాల పళ్ళెంతో పని లేదు. ముందు ఖాళీల మూలల్లో 2 మి.మీ. రంధ్రాలు వేసుకుని, వాటిమధ్య ఎండ్‌మిల్‌తో కొద్దికొద్దిగా తీశాను. అల్యూమినియం కట్టర్‌కు అతుక్కుపోకుండా కిరోసిన్ చుక్కలు వేస్తూ ఉండాలి.

మిల్లింగ్ అయ్యాక చక్రం ఇంకా యంత్రం కోసిన ముక్కలాగే ఉంటుంది. అసలుది పోత పోసినది, పుల్ల అంచులు గుండ్రంగా తిరిగి మధ్యభాగంలో కలిసిపోతాయి. ఆ గుండ్రతనం యంత్రంతో రాదు. సన్నటి ఆకురాళ్ళు, సగం గుండ్రనివి, ఎలుక తోకవి ముందేసుకుని కూర్చోవలసిందే. ఒక్కో చక్రంలో ఎనిమిది పుల్లలు, ఒక్కో పుల్లకు రెండు అంచులు, అంచుకు రెండు మూలలు. ఈ పని తొందరపెడితే ఎనిమిది పుల్లలు ఎనిమిది రకాలుగా వస్తాయి. నేను ప్రతి చక్రంలో మొదటి అంచు ఎనిమిది పుల్లలకూ పూర్తిచేసి, తర్వాతే రెండో అంచుకు వెళ్ళాను. చెయ్యి ఒకే కదలికకు అలవాటు పడుతుంది, ఆకారం తేడా రాదు. 400 నుంచి 1,500 నంబరు వరకు ఎమరీ కాగితం, ఆపైన మెటల్ పాలిష్. అద్దంలా మెరిపించలేదు. పాత ఫోటోల్లో చక్రం మెత్తని మెరుపుతోనే కనిపిస్తుంది.

జూలై: ముందు ఇరుసు

ఈ కారులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, అందుకే దీనిమీద ఎక్కువ రాస్తాను. మామూలుగా ఆనాటి కార్లలో ఇరుసు మీద స్ప్రింగు పెట్టి యూ బోల్టులతో బిగించేవారు. టైప్ 35 గ్రాండ్ ప్రీ కారులో ఇరుసుకే రెండు చోట్ల చదరపు కళ్ళు ఉంటాయి, స్ప్రింగు పట్టీలు ఆ కళ్ళలోంచి దూరి అవతలికి వస్తాయి. ఇరుసు గుండ్రం, లోపల బోలు. రెండు కొనల నుంచి లోపలికి రంధ్రం తొలిచి, తర్వాత కొనలను కాల్చి మూసి వంచేవారు. బరువు తగ్గుతుంది, బలం పోదు. పైకి మాత్రం మెరుగుపెట్టిన ఒక్క ఉక్కు కడ్డీయే కనిపిస్తుంది.

మోడల్లో దీన్ని ఒకే కడ్డీలోంచి చెక్కాలా, కళ్ళను విడిగా చేసి అతకాలా అని చాలాసేపు ఆలోచించాను. 150 మి.మీ. పొడవున ఒకే దిమ్మలోంచి చెక్కితే సగం లోహం పొడిగా పోతుంది, సన్నబడ్డ చోట వంగుతుంది. చివరికి ఇత్తడి గొట్టం, రెండు ఇత్తడి దిమ్మలు తీసుకున్నాను. దిమ్మల్లో ముందు స్ప్రింగు కన్ను చదరంగా తొలిచి, పక్కల్లో గొట్టం పట్టే రంధ్రం వేసి, వెండి టంకంతో కలిపాను. ఆ తర్వాతే దిమ్మల బయటి ఆకారం ఆకురాయితో దింపాను. గొట్టం మందం నుంచి కన్ను ఉబ్బు దాకా వంపు ఎక్కడా తెగకుండా వస్తే అతుకు ఎక్కడుందో కంటికి దొరకదు.

వెండి టంకం నాకు మా వీధిలో బంగారం పని చేసే ఆచారి గారు దగ్గరుండి చూపించారు. పుస్తకంలో చదివింది వేరు, ఆయన చేతిలో చూసింది వేరు. వెలిగారం పొడిగా చల్లరు, రాతి పలక మీద నీళ్ళు వేసి అరగదీసి పాలలా చేసి కుంచెతో పూస్తారు. మంట టంకం మీద పెట్టరు, పక్కనున్న లోహం మీద పెడతారు. “టంకం వేడిని వెతుక్కుంటూ వెళ్ళుద్ది బాబూ. ఎటు రావాలో అటు వేడి చెయ్యి, అదే వస్తుంది” అన్నారు. నిజంగానే అంతే. ఇత్తడి కరిగేది 900 డిగ్రీల పైన, ఆయన వాడే టంకం కరిగేది 700కు కాస్త అటూ ఇటూ. మధ్యలో ఉన్న ఆ ఖాళీలోనే పనంతా. ఇత్తడి ముదురు ఎరుపు దాటుతుంటే మంట వెనక్కి లాగాలి. ఎండపూట ఎరుపు సరిగా కనపడదు కాబట్టి ఈ పని సాయంత్రం గదిలో లైటు తగ్గించి చేస్తున్నాను.

స్ప్రింగు పట్టీలు ఫాస్ఫర్ బ్రాంజ్ రేకుతో చేశాను. ఉక్కు వాడితే ఈ పరిమాణంలో మరీ బిగుసుకుపోయి, 1.46 కిలోల బరువుకు కదలనే కదలవు. పట్టీలు కళ్ళలోంచి దూర్చి, సన్నని ఇత్తడి చీలతో బిగించాను. వేలితో నొక్కితే ఇరుసు దిగి, వదిలితే లేస్తుంది. ఇరుసుకు నికెల్ పూత వేయించి, పైన మెత్తగా రుద్దాక ఉక్కు రంగే వచ్చింది.

జూలై, నెలాఖరు

ఛాసిస్ పట్టీలు అనుకున్నదానికంటే త్వరగా అయ్యాయి. వీటి ఆకారం నిటారు కాదు. ముందు కొనలో సన్నగా మొదలై, డ్రైవరు ముందుకొచ్చేసరికి లోతుగా అయ్యి, మళ్ళీ తోకవైపు సన్నబడతాయి. పైనుంచి చూస్తే వెనక భాగం తోకతోపాటే లోపలికి వంగుతుంది. బరువు ఎక్కడ పడుతుందో అక్కడే బుగాటీ లోహం ఉంచాడు. 0.6 మి.మీ. ఇత్తడి రేకులో రెండు పట్టీలూ జంటగా పెట్టి ఒకేసారి కోశాను, అందుకే కుడి ఎడమలకు తేడా లేదు. పైన కింద అంచులు విడిగా కోసి టంకం వేశాను. అడుగున నల్ల గ్రానైట్ పలక వాడాను. వంటగది గట్టు వేసినప్పుడు మిగిలిన ముక్క, స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే కింద వెలుతురు దూరలేదు. ఇంతకంటే మంచి చదును బల్ల ఇంట్లో దొరకదు.

వెనక స్ప్రింగులు తలకిందుల పావు వంతు రకం. లావు కొన తోకవైపు ఛాసిస్‌కు బిగుసుకుని, సన్న కొన ముందుకు వచ్చి ఇరుసును పట్టుకుంటుంది. ఫోటోల్లో ఇది చూసి చాలామంది తిరగేసి గీస్తారు.

ఆగస్టు: టైర్లు

1924 ఆగస్టు 3న లియోన్ దగ్గర జరిగిన గ్రాండ్ ప్రీలో ఐదు టైప్ 35లు బరిలోకి దిగాయి. అదే వాటి మొదటి రేసు. ఆల్ఫా రోమియో పీ2తో జూసెప్పె కాంపారి గెలిచాడు. బుగాటీలలో ముందొచ్చినది ఏడో స్థానం. కారులో లోపం కాదు. ఆ రేసు కోసం ప్రత్యేకంగా చేయించిన టైర్లలో రబ్బరు సరిగా ఉడకక పైపొర ఊడిపోయింది. టైరు పని చేస్తుంటే ఈ సంగతి పదేపదే గుర్తొచ్చింది. ఆ తర్వాత ఇదే కారు 1925 నుంచి 1929 దాకా వరుసగా ఐదేళ్ళు సిసిలీలో టార్గా ఫ్లోరియో రేసు గెలిచింది. 1929 ఏప్రిల్ 14న మొట్టమొదటి మొనాకో గ్రాండ్ ప్రీని విలియమ్స్ పేరుతో పోటీ చేసిన విలియం గ్రోవర్-విలియమ్స్ గెలిచింది కూడా ఈ కారు తర్వాతి రకమైన టైప్ 35బీ తోనే.

నా టైరు బయటి వ్యాసం 88.75, వెడల్పు 11.25 మి.మీ. నైలాన్ బిళ్ళను లేత్ మీద తిప్పి నమూనా తీసి, గాడులు చేత్తో కోశాను. దానిమీద రెండు భాగాల సిలికాన్ అచ్చు. నల్ల రంగు కలిపిన పాలీయూరిథేన్ రబ్బరు అందులో పోయాలి. విజయవాడ ఆగస్టులో ఇది చెయ్యాలంటే ఒక సంగతి తెలియాలి. పాలీయూరిథేన్‌కు గాలిలో తేమ తగిలితే లోపల బుడగలు పుడతాయి. వాన పడిన రోజు డబ్బా మూత తీయకూడదు. అచ్చు, గ్లాసులు, కలిపే పుల్లలు అన్నీ రాత్రంతా ఏసీ గదిలో ఆరబెట్టి, ఉదయమే ఏసీ ఆపకుండా అక్కడే పోశాను. చెక్క పుల్ల బదులు స్టీలు పుల్ల వాడండి, చెక్కలో తేమ దాగి ఉంటుంది. మిగిలిన డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలు వేసి మూతలు టేపుతో చుట్టేశాను. టైర్లు బుడగ లేకుండా వచ్చాయి.

సెప్టెంబర్: బాడీ

తోక ఆకారం మాటల్లో చెప్పడం కష్టం. పక్కనుంచి చూస్తే కిందికి వాలుతుంది, పైనుంచి చూస్తే కొనదేలుతుంది, వెనకనుంచి చూస్తే నిలువుగా సన్నని అంచు. పెట్రోలు ట్యాంకు దాని లోపలే. కాగితపు అట్టలతో అడ్డకోతలు తీసి, టేకు ముక్కలు పొరలుగా అంటించి దిమ్మ చెక్కాను. దిమ్మ మీద వేళ్ళు జరిపితే కంటికి దొరకని గుంట తెలుస్తుంది. కళ్ళు మూసుకుని తడమడమే మంచి పద్ధతి.

0.5 మి.మీ. మెత్తని అల్యూమినియం రేకు. కొట్టేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచాలి. అల్యూమినియం ఇత్తడిలా ఎర్రబడి హెచ్చరించదు, నేరుగా కరిగి కారిపోతుంది. దీనికి పాతకాలపు పద్ధతి ఒకటుంది. రేకు మీద బట్టల సబ్బు రుద్ది, వెనకనుంచి మంట ఆడించాలి. సబ్బు గోధుమరంగు దాటి నల్లబడగానే మంట తీసేయాలి. అదే సరైన వేడి. తోకను కుడి సగం, ఎడమ సగం వేరుగా, నైలాన్ సుత్తితో దిమ్మ మీద కొట్టి దింపాను. సుత్తి దెబ్బ బలంగా కాదు, వరుసగా పడాలి. అంచుల నుంచి మధ్యకు కాదు, ఉబ్బు ఉన్నచోటు నుంచి అంచులకు.

బానెట్ మీద గాలి చీలికలకు చిన్న అచ్చు చేసుకున్నాను. కింద గాడి కోసిన స్టీలు పలక, పైన ఒకవైపు పదును, రెండోవైపు గుండ్రం ఉన్న పంచ్. ఒక్క నొక్కుకు ఒకవైపు రేకు తెగి, రెండోవైపు ఉబ్బుతుంది. చీలికల మధ్య దూరం గుర్తులతో కాకుండా పిన్ను ఆనింపుతో పెట్టుకున్నాను. ముందు కొట్టిన చీలికలో పిన్ను కూర్చుంటేనే తర్వాతిది కొట్టడానికి వీలవుతుంది. వరుసంతా ఒకే దూరంలో వచ్చింది.

ఇక బోల్టుల తీగలు. ఈ కారు బాడీ రేకులు పట్టే బోల్టుల తలల్లో రంధ్రాలు వేసి, ఊడిపోకుండా తీగతో ఒకదానికొకటి కట్టేవారు. బాడీ పొడవునా ఆ తీగ కనిపిస్తుంది. మిల్లీమీటరు తీగ ఎనిమిదో వంతులో 0.125. మోటారు వైండింగ్ షాపులో 0.12 రాగి తీగ దొరికింది. పై లక్క గీకేసి కళాయి పూశాక ఉక్కు తీగలా ఉంది. బోల్టు తలల్లో 0.3 మి.మీ. రంధ్రాలు చేతి డ్రిల్లుతో వేస్తున్నాను. ఈ పని మొత్తం ప్రాజెక్టు అయ్యేదాకా సాగుతుంది. రోజూ కొన్ని చొప్పున చేసుకుపోవడమే.

అక్టోబర్: రేడియేటర్

గుర్రపునాడా ఆకారపు ఆ చట్రమే ఈ కారు ముఖం. అసలుది జర్మన్ సిల్వర్. మన దగ్గర పూజా సామాను షాపుల్లో ఆ పేరు రోజూ వింటాం, కానీ అక్కడ పూత వేసిన సరుకు కూడా అదే పేరుతో ఉంటుంది. నాకు కావలసింది రాగి, నికెల్, జింకు కలిసిన అసలు లోహపు రేకు. అది మెరుగుపెట్టినా క్రోమ్‌లా నీలంగా మెరవదు, కొంచెం పసుపు ఛాయ ఉన్న తెలుపు. నికెల్ పూత వేసిన ఇత్తడితో దగ్గరగా వస్తుంది కానీ పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. అందుకే అసలు రేకే తెప్పించాను. ముక్కుభాగం దిమ్మ మీద దింపి, వెనక అంచు విడిగా చేసి వెండి టంకంతో అతికాను.

లోపలి తేనెపట్టు గళ్ళకు జాలీ పెట్టేస్తే దూరంనుంచి సరిపోతుంది. కానీ జాలీకి లోతు ఉండదు, పక్కనుంచి చూస్తే వెలుతురు దాటిపోతుంది. పలచని రాగి రేకు పట్టీలను రెండు చిన్న పళ్ళ చక్రాల మధ్యనుంచి నడిపితే ముడతలు పడతాయి. ఆ పట్టీలను ఒకదానిమీద ఒకటి, శిఖరానికి శిఖరం ఆనేలా పేర్చి, మెత్తని టంకం పలచగా పారించాను. ఇప్పుడు ఎదురుగా చూస్తే అవతల కనిపిస్తుంది, కాస్త పక్కకు జరిగితే గళ్ళు మూసుకుంటాయి. అసలు రేడియేటర్ చేసేది కూడా ఇదే. పైనున్న ఎర్రటి అండాకారపు బ్యాడ్జి ఇంకా చెయ్యాలి.

నవంబర్

డ్యాష్‌బోర్డు అల్యూమినియం పలక మీద చిన్న చిన్న వలయాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. గుండ్రని రబ్బరు పుల్లను డ్రిల్లింగ్ మెషీన్‌లో పెట్టి, గ్యారేజీల్లో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు అద్ది, పలక మీద ఒక క్షణం ఆనిస్తే ఒక వలయం పడుతుంది. స్కేలుకు 3 మి.మీ. పుల్ల సరిపోయింది. ఎక్స్-వై టేబుల్ మీద 1.5 మి.మీ. జరుపుతూ వెళ్ళాను. మెత్తరకం పేస్టే వాడాలి, ముతకదైతే వలయం బదులు గీతలు పడతాయి. అదే పలకలో ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో కూర్చుంటుంది. ఇంజను పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు వెనక కొన గోడలోంచి ఇవతలికొచ్చి నేరుగా దాన్నే తిప్పుతుంది. డ్రైవరు చేతికందే దూరంలో మాగ్నెటో! రేసు మధ్యలో సర్దుకోవడానికి ఎంత వీలు.

స్టీరింగు రిమ్ముకు అంకుడు కర్ర వాడాను. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది ఈ కర్రతోనే. టేకు గీతలు ఈ సైజుకు మరీ పెద్దవి, అంకుడు కర్ర నునుపుగా తిరుగుతుంది, రంగు పడుతుంది. నాలుగు పుల్లలు స్ప్రింగు స్టీలు.

ఇప్పుడు ఇంజను మీద ఉన్నాను. ఎనిమిది సిలిండర్లు వరుసలో, నాలుగేసి చొప్పున రెండు దిమ్మలుగా. సిలిండరుకు మూడు వాల్వులు, రెండు లోపలికి, ఒకటి బయటికి, పైన ఒక్క క్యామ్‌షాఫ్టు. బాల్, రోలర్ బేరింగుల మీద తిరిగే క్రాంక్. శక్తి సుమారు 90 హార్స్‌పవర్. మోడల్లో లోపలి భాగాలు చెయ్యడం లేదు, కానీ బయటి ముఖాలు నూటికి నూరు పాళ్ళు చదునుగా, అంచులు పదునుగా రావాలి. ఇంజను అంటే గొట్టాలు, ఉబ్బులు అనుకునేవాళ్ళకు ఈ ఇంజను చూపించాలి. రెండు దిమ్మలూ అల్యూమినియంలో మిల్లింగ్ చేసి, గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి రుద్దుతున్నాను. యంత్రం గుర్తులు పూర్తిగా పోయాక, మోల్‌షైమ్‌లో చేత్తో గీకిన గుర్తుల్లాంటివి సన్నని స్క్రేపర్‌తో పెట్టాలి.

ఎగ్జాస్టు మాత్రం పూర్తయింది. నాలుగేసి గొట్టాలు వంగి ఒకదానిమీద ఒకటి ఒరిగి కలుస్తాయి, అచ్చం అరటి హస్తంలా. 3 మి.మీ. ఇత్తడి కడ్డీలను కాల్చి మెత్తబరిచి, వేరువేరు వ్యాసాల కడ్డీల చుట్టూ వంచాను. నాలుగూ ఒకే వంపు కాదు. వెనకది పొట్టిగా, ముందుది చాలా దూరం సాగి కలుస్తుంది. అతుకులు మూడు అంచెల్లో వేశాను. ముందు ఎక్కువ వేడికి కరిగే టంకం, తర్వాత మధ్యరకం, చివర తక్కువ వేడిది. ఇలా అయితే మూడో అతుకు వేసేటప్పుడు మొదటిది ఊడిరాదు.

తూకం వేసి చూశాను. ఛాసిస్, ఇరుసులు, చక్రాలు, టైర్లు, విడి రేకులు, రేడియేటర్, ఎగ్జాస్టు అన్నీ కలిపినా ఇంజనుకు, సీట్లకు, గేరుబాక్సుకు కావలసినంత ఖాళీ గోడమీది అంకెలో మిగిలి ఉంది. ఇంజను దిమ్మలు మాత్రం లోపల తొలిచి బోలుగా చెయ్యాలి, లేకపోతే ముక్కు బరువెక్కి ముందు స్ప్రింగులు అడుక్కి ఆనుకుంటాయి.

రంగు గురించి ఇప్పటినుంచే చూసుకుంటున్నాను. ఫ్రెంచ్ రేసుకార్ల నీలమే, అందులో సందేహం లేదు, కానీ ఆ నీలానికి ఒకే ఛాయ లేదు. ముదురు నీలం చిన్న మోడల్ మీద ఇంకా ముదురుగా కనిపిస్తుంది, కాబట్టి కొంచెం తెలుపు కలపాలి. మిగిలిన అల్యూమినియం ముక్కల మీద నాలుగైదు ఛాయలు కొట్టి, ఒకే ముక్కను ఎండలోనూ ట్యూబ్‌లైటు కిందా చూసి ఎంచుకుంటాను. రేకుల మీద ప్రైమర్ పలచగా ఉండాలి, లేదంటే చీలికల అంచులు మొద్దుబారిపోతాయి. అది జనవరి పని. తేమ తగ్గాకే స్ప్రే గన్ బయటికి తీస్తాను.

వచ్చేవారం రెండో ఇంజను దిమ్మ గాజు పలక మీద పూర్తిచేసి, రెండిటినీ పక్కపక్కన బిగించి పైన క్యామ్ పెట్టె కూర్చోబెట్టాలి. రెండు దిమ్మల పైముఖాల మధ్య 0.02 మి.మీ. తేడా ఉన్నా పెట్టె ఊగుతుంది. సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్ ఆచారి గారి దగ్గర లేదట, ఆటోనగర్ మేస్త్రిని అడిగి తెచ్చుకోవాలి.